మోకాళ్ళు లేని బండి

మంచం ముందు వెళుతున్నది. దాని వెనుక మా జీపు వెళుతున్నది.

రోగిని మోయవలసిన జీపు ఖాళీగా ఉన్నది. నెలలు నిండి నొప్పులు పడుతున్న ఇల్లాలు నలుగురు మనుషుల భుజాల మీద ఉన్నది. నులకమంచం నాలుగు కోళ్ళకూ తాళ్ళు కట్టి, పొడుగాటి వెదురు వాసానికి వేలాడదీసి, ముందు ఇద్దరూ వెనుక ఇద్దరూ దానిని మోసుకుపోతున్నారు. వారి వెంట మా నర్సమ్మ గొడుగు పట్టుకొని నడుస్తున్నది. అందరికన్న వెనుక, మొదటి గేరులో, అపరాధిలాగా నేను జీపు నడుపుకుంటూ వస్తున్నాను.

అది 2013వ సంవత్సరం. వానలు వెనుకపట్టిన ఆశ్వయుజ మాసం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో బస్తర్ ప్రాంతపు దక్షిణపు కొసన, సుక్మా జిల్లాలో, శబరి నదికి పడమటనున్న ఒక దోర్ల పల్లె నుంచి మేము బయలుదేరి అరగంట అయినది. ఆ అరగంటలో మూడు కిలోమీటర్లు కూడ రాలేదు. జీపు ఎగిరిపడినప్పుడల్లా ఆ తల్లి పెట్టిన కేక నా వెన్నులో గుచ్చుకున్నది. ఇక భరించలేక నర్సమ్మ నా భుజం తట్టి, "ఆపండి. ఈ కుదుపులకు ఏమైనా జరిగితే దారిలో నేను చేయగలిగింది ఏమీ లేదు" అన్నది. వెంట వచ్చిన ఆమె మామగారు క్రిందికి దిగి, పల్లెకు మనిషిని పంపి మంచం తెప్పించాడు. దారిలో అతి దుర్గమమైన రెండు కిలోమీటర్లు దాటేవరకు ఆమె ఆ మంచం మీదనే ప్రయాణించింది.

ఆమె ఆ రెండు కిలోమీటర్లలో ఒక్కసారి కూడ కేక వేయలేదు.

మంచి దారి వచ్చాక ఆమెను మళ్ళీ జీపులోకి ఎక్కించాము. నేను సిగ్గుతో తలవంచుకొని నిలబడితే ఆ ముసలాయన, వారి మాటలో కలిసిపోయిన తెలుగులో, "మీ బండికి మోకాళ్ళు లేవు బాబూ. అందుకే అది అట్ల ఎగురుతది" అన్నాడు. ఎగతాళిగా అన్న మాట కాదది. తన ఎద్దు కుంటుతున్నదని చెప్పినంత మామూలుగా అన్నాడు.

ఆ సాయంత్రం ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. అందరూ సంతోషించారు. నేను మాత్రం ఆ ముసలాయన మాటను వెంటబెట్టుకొని జగ్దల్‌పూర్ చేరుకున్నాను.

బస్తర్ పేరు వినగానే చాలమందికి ఇంద్రావతి మీది చిత్రకోట జలపాతమో, కాంగేర్ లోయ అడవులో జ్ఞాపకం వస్తాయి. ఈ నేల ఎంత విశాలమైనదో తక్కువమందికి తెలుసు. 1998లో విభజింపబడేవరకు బస్తర్ ఒక్కటే జిల్లా. వైశాల్యంలో అది కేరళ రాష్ట్రం కన్న పెద్దది. నేడది ఏడు జిల్లాలు. భద్రాచలం నుంచి కుంట, సుక్మా మీదుగా జగ్దల్‌పూర్ పోయే జాతీయ రహదారి 30 ఈ ప్రాంతానికి వెన్నెముక వంటిది. కాని రోగాలు రహదారి ప్రక్కనే పుట్టవు కదా! రహదారి విడిచి లోనికి తిరిగితే ఎర్రని మొరం బాటలు, వాగులు, రాతిపలకలు, ఎండాకాలంలో తరంగాల వలె గట్లు కట్టిన మట్టి. ఒక స్వచ్ఛంద వైద్యబృందానికి బండి నడిపేవాడిగా ఆ బాటలే నా కార్యక్షేత్రం. వారపు సంతలు జరిగే చోట మందులపెట్టెలు దింపడం, తీవ్రమైన జబ్బు కనిపిస్తే రోగిని పెద్దాసుపత్రికి చేర్చడం నా పని.

మా జీపు పాతది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు జీపుల వలెనే దానికి నాలుగు చక్రాల దగ్గరా కమాను కట్టలు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కుపట్టీల కట్ట అది. ప్రతి కట్ట ప్రక్కనా ఒక షాక్ అబ్జార్బరు. మా మెకానిక్కులు దానిని ముద్దుగా 'షాకు' అంటారు. ఆ నాలుగు షాకులూ ఏనాడో పనిచేయడం మానివేశాయని నాకు తెలియకపోలేదు. గొట్టాల మీద నూనె చెమర్చి, దుమ్ము పట్టి, నల్లని పేడులాగా గట్టిపడింది. టైర్లు ఒకచోట అరిగి, ఒకచోట అరగక, గుంటలు గుంటలుగా తయారయ్యాయి. ముందు బంపరును బలంగా నొక్కి వదిలితే బండి ఒక్కసారి లేచి నిలువవలసింది పోయి, మూడు నాలుగుసార్లు ఊగేది. అయినా ఇంజను ఆగలేదు, బ్రేకులు తప్పలేదు కనుక, షాకుల సంగతి 'తరువాత చూద్దాం' అనే జాబితాలో ఉండిపోయింది. ఆ జాబితా ఖరీదు ఎవరు చెల్లించారో ఆ రోజు కళ్ళారా చూశాను.

మరునెలలో డబ్బు కూడగట్టుకొని విశాఖపట్నం వెళ్ళాను. దుకాణంలో రకరకాల షాకులు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిలో అన్నిటికన్న లావైనవి, బిగువైనవి, ఖరీదైనవి నా కంటికి నచ్చాయి. దుకాణదారుడు "ఎలాంటి దారులకండీ?" అని అడిగాడు. "కొండదారులకు, అడవిదారులకు" అన్నాను. "బరువు ఎక్కువ వేస్తారా?" అన్నాడు. బరువు మోసే బండి అనిపించుకోవడంలో ఒక గొప్ప ఉన్నది. "ఆ, వేస్తాం" అన్నాను. రోగులను పడుకోబెట్టి తీసుకుపోయే బండి అని నేను చెప్పలేదు. ఆయన అడిగినదానికి నేను చెప్పిన జవాబును బట్టి ఆయన సరైన సరుకే ఇచ్చాడు. తప్పు నాది.

వాటిని బిగించిన రోజున నేను పొందిన ఆనందం ఇంతా అంతా కాదు. ఘాటు మలుపులలో బండి ఒరగడం మానింది. వెనుకటి ఊగులాట లేదు. గట్టి దారి మీద వేగం పెరిగింది. నలుగురికీ చూపించి మురిసిపోయాను. కొత్త షాకుల మహిమ వల్ల మా సమస్య తీరిపోయిందనే భ్రమలో కొన్ని నెలలు గడిచిపోయాయి.

ఆ భ్రమను పోగొట్టినవాడు ఒక వృద్ధుడు. ఇప్పచెట్టు మీది నుంచి పడి తొడ ఎముక విరిగింది. కర్రలతో కట్టు కట్టి, వెనుక పరుపు పరిచి పడుకోబెట్టాము. పూర్వం జీపు గోతిలో పడి ఊగేది. ఇప్పుడు ఊగడం లేదు; కాని ప్రతి రాయీ, ప్రతి గట్టూ సుత్తితో కొట్టినట్లు నేరుగా పైకి తగులుతున్నది. అతడు పళ్ళు బిగబట్టి కొంతసేపు ఓర్చుకున్నాడు. తరువాత చేతులు జోడించి, "నన్ను దింపివేయండి, ఇక్కడే ఉంటాను" అన్నాడు. దింపలేదు. దింపడానికి వీలులేదు. నడకకన్న నెమ్మదిగా, మూడు గంటలు నడిపి ఆస్పత్రికి చేర్చాను. ఆ మూడు గంటలూ అతడు నోరెత్తలేదు. నోరెత్తని మనిషి బాధ కేక కన్న పెద్దదని ఆనాడు గ్రహించాను.

అప్పుడు నేను వెళ్ళవలసిన చోటికి వెళ్ళాను. కిరందూల్ నుంచి విశాఖకు ఇనుపరాయి మోసే రైలుమార్గం వచ్చిన కాలంలో తెలుగువారెందరో ఈ ప్రాంతానికి వలసవచ్చి స్థిరపడ్డారు. అటువంటి కుటుంబానికి చెందిన ఒక మేస్త్రీకి జగ్దల్‌పూర్‌లో చిన్న షెడ్డు ఉన్నది. బండి చూసి, క్రింద దూరి, పైకి వచ్చి, చేతులు తుడుచుకుంటూ ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "బాబుగారూ, ఈ బండిలో ఎవరు ఎక్కుతారండీ?"

"రోగులు" అన్నాను.

"మరి సిమెంటు బస్తాలకు తగిన షాకులు ఎందుకు వేయించారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన నన్ను ఒక పెట్టె మీద కూర్చోబెట్టి, నా పాత షాకును మరమేజాకు బిగించి, రంపంతో కోసి, లోపల ఏమున్నదో చూపించాడు. గొట్టం, దానిలో నూనె, నూనెలో ఒక పిస్టను, పిస్టనుకు సన్నని రంధ్రాలు, వాటిని మూసి తెరిచే పలుచని రేకులు. అంతే.

"దీని పేరే తప్పండి" అన్నాడు. "షాకును తీసుకునేది ఇది కాదు, కమాను. గోతిలో పడ్డప్పుడు దెబ్బను కమాను మింగుతుంది. కాని మింగినదాన్ని తనలో ఉంచుకోలేదు, తిరిగి కక్కుతుంది. అందుకే బండి ఎగురుతుంది. ఆ కక్కే బలాన్ని ఈ నూనె సన్నని రంధ్రాలలోంచి ఈడ్చుకుంటూ పోయి వేడిగా మార్చేస్తుంది. కమాను బలం, ఇది నిగ్రహం. రెండూ సమంగా ఉండాలి. మొదట మీకు నిగ్రహం లేదు. ఇప్పుడు నిగ్రహం ఎక్కువై కమానును కదలనివ్వడం లేదు."

ఆ మాటలలో ముసలాయన మోకాళ్ళు నాకు కనిపించాయి. మంచం మోసిన ఆ వెదురు వాసం అడుగడుగునా కొద్దిగా వంగి లేస్తున్నది, అది కమాను. మోసేవారి మోకాళ్ళు రాయి తగిలినప్పుడు ఒదిగి, తరువాత నెమ్మదిగా సాగుతున్నాయి, అవి షాకులు. మనిషి నడకలో శరీరం సెకనుకు దాదాపు రెండుసార్లు లేచి దిగుతుంది. పుట్టి నడక నేర్చినప్పటి నుంచి దేహానికి అలవాటైన లయ అది. బండ్లు నిర్మించే శాస్త్రజ్ఞులు కూడ బండిపెట్టె ఊగే లయను సెకనుకు ఒకటి రెండు సార్లకు మించకుండా చూడాలంటారు. సెకనుకు నాలుగు నుంచి ఎనిమిదిసార్లు వచ్చే నిలువు కంపనాలు కూర్చున్న మనిషిని అన్నిటికన్న ఎక్కువగా బాధిస్తాయి; లోపలి అవయవాలు ఆ లయకే అదురుతాయి. బిగువు షాకులతో నేను ఆ వృద్ధుడికి ఇచ్చినది సరిగా అటువంటి అదురే.

అది దసరా సమయం. ఓరుగల్లు పతనానంతరం ఇటు వచ్చిన అన్నమదేవుడి వంశంవారు పెంచిన సంప్రదాయం ప్రకారం, దంతేశ్వరీదేవి పేర బస్తర్ దసరా డెబ్బైఅయిదు రోజులు జరుగుతుంది. షెడ్డు బయట నుంచి జనఘోష వినిపిస్తున్నది. దేవి ఛత్రాన్ని నిలిపిన రథాన్ని వందలాది మంది తాళ్ళు పట్టి లాగుతున్నారు. "ఆ రథానికి ఎనిమిది కొయ్యచక్రాలున్నాయి, ఒక్క కమాను లేదు. అయినా ఎందుకు చెల్లుతున్నది?" అని మేస్త్రీ నన్ను అడిగాడు. నేను ఆలోచిస్తుండగా తానే, "మనిషి నడకను మించి అది పోదండి. వేగం వచ్చిన చోటనే ఈ బాధలన్నీ వచ్చాయి" అన్నాడు.

తరువాత పదిరోజులు మా బండి ఆయన షెడ్డులోనే ఉన్నది. ఆయన చేసిన పని వివరిస్తాను. ఇది చదివేవారిలో ఇటువంటి బండ్లు నడిపేవారు ఉండవచ్చు.

మొదట కమాను కట్టలు విప్పాడు. తుప్పు పట్టి పట్టీలన్నీ ఒకదానికొకటి అతుక్కొని, కట్ట మొత్తం ఒకే ఇనుపదిమ్మెలాగా అయిపోయింది. పట్టీలు ఒకదానిమీద ఒకటి జారినప్పుడే కమాను వంగుతుంది. వాటిని రుద్ది, గ్రాఫైటు గ్రీజు పూసి, అరిగిన బుష్షులు మార్చి తిరిగి పేర్చాడు. గతంలో ఎవరో బరువుకోసమని వెనుక అదనంగా వేయించిన పట్టీని తీసివేశాడు. "ముందు కమాను కదలనివ్వాలి. కదలని కమానుకు ఎంత మంచి షాకు వేసినా దండగే" అన్నాడు.

తరువాత షాకులు. మా బండి మోసే అసలు బరువు లెక్కవేశాడు: నడిపేవాడు, నర్సు, రోగి, తోడు వచ్చిన ఇద్దరు, మందులపెట్టె. ఆ బరువుకు తగినవి, లోపల నత్రజని వాయువు నింపినవి తెప్పించాడు. వాయువు ఎందుకని అడిగాను. ఎగుడుదిగుడు దారిలో పిస్టను గంటల తరబడి ఆడినప్పుడు నూనె వేడెక్కుతుంది. గాలితో కలిసి నురుగు కడుతుంది. నురుగుకు పిస్టనును ఆపే శక్తి ఉండదు. బయలుదేరినప్పుడు బాగున్న బండి గంట గడిచాక ఎగరడానికి కారణం అదే. నత్రజని ఒత్తిడి నూనెను నురుగు కట్టనివ్వదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద కార్బాన్ ఆలోచన ఆధారంగా జర్మనీలోని బిల్‌స్టీన్ సంస్థ ఇటువంటి షాకులను 1957లో మెర్సిడిస్-బెంజ్ కార్లకు అమర్చిందని తరువాత చదివాను. ఐరోపా నున్నని దారుల కోసం వచ్చిన ఆ సాధనం అవసరం బస్తర్ బాటలకే ఎక్కువనిపించింది.

మరొక రహస్యం కూడ మేస్త్రీయే చెప్పాడు. మంచి షాకు రెండువైపులా ఒకే రకంగా బిగువుగా ఉండదు. చక్రం రాయి ఎక్కేటప్పుడు సులువుగా ఒదగాలి. కమాను తిరిగి సాగేటప్పుడు గట్టిగా పట్టి నెమ్మదిగా వదలాలి. నొక్కి చూపించాడు, లాగి చూపించాడు. నొక్కితే తేలికగా దిగింది. లాగితే మొండిపిల్లవాడిలాగా తీరికగా వచ్చింది. పొడవు విషయంలోనూ ఆయన రాజీపడలేదు. పొట్టిదైతే చక్రం గోతిలోకి దిగినప్పుడు షాకు తెగేవరకు లాగబడుతుంది. పొడుగైతే చక్రం పైకి లేచినప్పుడు లోపల ఇనుము ఇనుముకు కొట్టుకుంటుంది. అందుకని జాకీతో చక్రాన్ని ఎత్తి, దించి, రెండు కొసలూ కొలిచాడు. ఆ కొసలలో దెబ్బ తగలకుండా కొత్త రబ్బరు దిమ్మెలు అమర్చాడు.

చివరిది, ఖర్చులేనిది, అన్నిటికన్న ఎక్కువ ఫలితమిచ్చినది: పడక చోటు మార్చడం. ఇంతకాలం రోగిని సరిగ్గా వెనుక ఇరుసు మీద పడుకోబెడుతున్నాము. ఊయల బల్లకు కొసలు ఎక్కువ ఊగుతాయి, నడుమ తక్కువ ఊగుతుంది. బండికీ అంతే. నా ప్రక్క సీటు తీసివేసి, రోగి తల, నడుము రెండు ఇరుసుల నడుమకు వచ్చేట్లు పడకను ముందుకు జరిపాడు. అధ్వాన్నమైన దారి వచ్చినప్పుడు టైర్లలో కొంత గాలి తగ్గించమనీ, గట్టి దారి ఎక్కగానే మరచిపోకుండా తిరిగి నింపమనీ చెప్పి, ఒక చేతిపంపు నా సీటు క్రింద పెట్టించాడు.

బండిని పరీక్షించడానికి మాకు యంత్రాలు లేవు. బస్తర్‌లో పొలానికీ సంతకూ పోయేవారు రాగి అంబలిని ఎండిన సొరకాయ బుర్రలో తీసుకుపోతారు. అటువంటి బుర్ర నిండా నీళ్ళు పోసి, మూత లేకుండా పడక మీద నిలబెట్టి, చుట్టూ గుడ్డ దోపి, ఊరి బయట మొరం బాట మీద నాలుగు కిలోమీటర్లు పోయివచ్చాము. బిగువు షాకులతో పోయినప్పుడు సగానికి పైగా ఒలికిపోయింది. ఇప్పుడు మెడ దాకా ఉన్న నీరు భుజం దాకా దిగింది, అంతే. మేస్త్రీ బుర్రలోకి తొంగిచూసి, "ఈ నీళ్ళకు నొప్పి తెలియదండి. తెలిసినవాళ్ళు ఎక్కినప్పుడు అడగండి" అన్నాడు.

అడగవలసిన అవసరం రాలేదు. ఆ మాఘమాసంలో ఒక రాత్రి, అదే దోర్ల పల్లె నుంచి కబురు వచ్చింది. కడుపునొప్పితో మూడు రోజులుగా విలవిలలాడుతున్న పదేళ్ళ పిల్లవాడు. అదే బాట. మంచం మోసినప్పటి ఆ ముసలాయన తోడుగా బండి ఎక్కాడు. రాళ్ళ దగ్గర టైర్లలో గాలి తగ్గించి, మనిషి పరుగెత్తే వేగాన్ని మించకుండా నడిపాను. పాత జీపు గోతిలో దిగి, ఒదిగి, ఒక్కసారి లేచి నిలిచేది. వెనుక నుంచి ఎటువంటి శబ్దమూ రాలేదు. భయం వేసి బండి ఆపాను. నర్సమ్మ దీపం ఎత్తి చూసి, "నిద్రపోయాడు. నాడి బాగానే ఉంది" అన్నది.

నా జీవితంలో నాకు లభించిన ప్రశంసాపత్రాలలో ఆ నిద్రకన్న గొప్పది లేదు. పిల్లవాడికి మరునాడు శస్త్రచికిత్స జరిగింది. కోలుకున్నాడు.

తెల్లవారుజామున ఆస్పత్రి ఆవరణలో బండి నిలిపి, క్రిందికి వంగి షాకు గొట్టాన్ని చేతితో తాకాను. మాఘమాసపు చలిలో ఇనుమంతా మంచులాగా ఉన్నది. ఆ గొట్టం మాత్రం వేడిగా ఉన్నది. రాత్రంతా దారి విసిరిన దెబ్బలన్నీ ఆ వేడిగా మారి గాలిలో కలిసిపోతున్నాయి. అవి ఆ పసివాడి పొట్టకు తగలవలసిన దెబ్బలు.

ముసలాయన నా ప్రక్కకు వచ్చి తానూ గొట్టం మీద చేయి పెట్టి చూశాడు. "మోకాళ్ళు వచ్చినయి" అన్నాడు.

ఆ తరువాత కాలం మారింది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన దారులు ఒక్కొక్కటిగా లోపలి పల్లెలకు చేరుతున్నాయి. 2011లో ఈ రాష్ట్రానికి వచ్చిన 108 అంబులెన్సులు దారి ఉన్నంతమేరకు వస్తున్నాయి. 2019 అక్టోబరు 2 నుంచి వారపు సంతలలో ప్రభుత్వమే వైద్యశిబిరాలు నడిపే పథకం ఆరంభమైనది. అయినా తారు ఆగిపోయిన చోట నుంచి పల్లె వరకు ఇంకా కొంత దూరం మిగిలే ఉంటున్నది. అక్కడ నేటికీ మంచమో, మా వంటి బండో వెళ్ళవలసిందే.

ఇప్పుడు నేను కొత్తగా బండి ఎక్కే కుర్రవాళ్ళకు మొదట నేర్పేది స్టీరింగు కాదు. బంపరు నొక్కి వదిలి, బండి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కించమంటాను. ఆ తరువాత ఒక్కసారి వెనుక పడక మీద పడుకోమని, ఆ మొరం బాట మీద నేనే బండి నడుపుతాను. దిగేటప్పుడు వారిని నేను ఏమీ అడగను. సీటులో కూర్చున్నవాడికి కనిపించే దారి వేరు, పడుకున్నవాడికి తగిలే దారి వేరు అని వారి ముఖాలే చెబుతాయి.